లేని పుస్తకంలో నలభై ఏడో పుట

ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. మా అమ్మ మీద ఒట్టు, తినే అన్నం మీద ఒట్టు. నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట వింటే నవ్వుతారు. నేను ఒట్టు పెట్టుకున్నానంటే కథ మొదలైందని వాళ్ళకు తెలుసు. మా చిన్నాయన పెళ్ళిలో వంటమనిషి పప్పు గుండిగలో పడి, ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి, ఉప్పు తక్కువైందని చెప్పాడని ఒట్టేసి నమ్మించినవాణ్ణి నేను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మూడేళ్ళు దాటింది, ఒక బరువు మోస్తున్నాను. పొద్దున లేవగానే అది ఉండదు. పళ్ళు తోముకునేటప్పుడు ఉండదు. బస్సులో సీటు కోసం తోసుకునేటప్పుడు అసలే ఉండదు. క్లాసులో బోర్డు వైపు తిరిగి, ఎవరిదో ఒక పుస్తకం పేరు రాయబోతానే, అప్పుడు వచ్చి చేతి మీద కూర్చుంటుంది. చెయ్యి ఆగుతుంది. సార్ ఏదో గట్టిగా ఆలోచిస్తున్నాడని పిల్లలు అనుకుంటారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో చెబుతాను. గోడ కనిపించకుండా బోర్డులు కట్టిన బిల్డింగులో మూడో అంతస్తు. చాలా ఏళ్ళు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పాను. తర్వాత మా ఓనరుకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన గుంటూరు వైపు మనిషి, ఆలోచన వస్తే ఆగడు. ఈ ఊళ్ళోని యూనివర్సిటీల్లో చదవడానికి టాంజానియా నుంచి, సూడాన్ నుంచి, యెమెన్ నుంచి, నేపాల్ నుంచి వచ్చిన విద్యార్థులకు పరిశోధన వ్యాసం ఎట్లా రాయాలో నేర్పే బ్యాచ్ పెట్టాడు. "మీరు ఎమ్మే ఇంగ్లీషు కదండీ మాస్టారూ, లాగించెయ్యండి" అన్నాడు. లాగించేశాను.

ఏం నేర్పేవాణ్ణి? ఎవరి మాట వాళ్ళ పేరుతో చెప్పాలి. ఏ పుస్తకంలో చదివామో, ఏ పుటలో చదివామో వరస తప్పకుండా రాయాలి. ఇతరుల వాక్యం ఎత్తుకొచ్చి మనదని చెప్పుకోవడం దొంగతనం. బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. మన వాక్యం తీసుకుపోయి ఇతరుల పేరు మీద పెడితే దాన్నేమంటారో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ బ్యాచ్‌లో నీమా ఉండేది. టాంజానియా అమ్మాయి. పీహెచ్‌డీ చేస్తోంది, వాళ్ళ దేశం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద. ఆమె విషయం బాటసింగారం పండ్ల మార్కెట్. బత్తాయి ధర రైతుకూ కమీషన్ ఏజెంటుకూ కొనేవాడికీ మధ్య ఎట్లా తేలుతుందన్నది ఆమె ప్రశ్న. రెండేళ్ళ పాటు తెల్లవారకముందే అక్కడికి పోయి, లారీల మధ్య నిలబడి, హమాలీలతో మాట్లాడి రాసుకుంది. ఎల్బీ నగర్‌లో యాదమ్మ అనే ఆమె ఇంటి పైగదిలో కిరాయికి ఉండేది. యాదమ్మది నల్లగొండ దగ్గర పల్లె. హమాలీలూ యాదమ్మా కలిసి నేర్పిన తెలుగు ఎట్లా ఉంటుందో ఊహించండి. మొదటి రోజు నేను ఇంగ్లీషులో కుశలమడిగితే, "మంచిగున్న సార్. మీరు తిన్నరా?" అంది. నేను నిజంగానే తినలేదు. ఆ సంగతి ఆ రోజు నన్నడిగింది ఆమె ఒక్కతే.

ఇక జరిగింది చెబుతాను.

పుస్తకాల జాబితా రాయడం నేర్పే రోజు అది. రచయిత ఇంటిపేరు, పొడి అక్షరాలు, సంవత్సరం, పుస్తకం పేరు, ఊరు, అచ్చు వేసినవాళ్ళు. ఉదాహరణ కావాలి. సిద్ధంగా ఉన్న పుస్తకం పేరు ఒకటి రాస్తే సరిపోయేది. కానీ ముందు బెంచీలో నీమా కనిపించింది. ఆమె అంతకు ముందు వారమే చెప్పింది: పాత రోజుల్లో బేరగాళ్ళు తువాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవాళ్ళట, పక్కవాడికి తెలియకుండా. దాని మీద ఎవరైనా రాశారేమోనని వెతుకుతోంది. నా చెయ్యి ఊరుకోలేదు. బోర్డు మీద రాశాను. రచయిత పేరు మల్లేశం: మా బిల్డింగు కింద టీ హోటలు మల్లేశం. సంవత్సరం మా అన్న పుట్టిన ఏడు. పుస్తకం పేరు 'తువాలు చాటు బేరం'. ఊరు సూర్యాపేట. ప్రెస్సుకు, మా ఇంట్లో పెళ్ళిపత్రికలు కొట్టించిన ప్రెస్సు పేరు కొంచెం మార్చి పెట్టాను.

అందరూ రాసుకున్నారు. 'ఇది ఉత్త ఉదాహరణ' అని చెప్పడానికి ఇటు తిరిగాను. నిజంగా తిరిగాను. అప్పటికే నీమా చెయ్యెత్తింది.

"సార్! గీ పుస్తకం యాడ దొరుకుతది?"

ఆ మొహం మీకు చూపించగలిగితే ఎంత బాగుండేది. రెండేళ్ళుగా వెతుకుతున్నది ఎదురుగా బోర్డు మీద ఉంది. లేదమ్మా, నేను కల్పించాను అంటే ఏం పోయేది? క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు నా దగ్గర లేకపోయాయా? ఆ మొహం ఆరిపోతుందని జాలిపడ్డానా, లేక నా మాట కోసం ఒక మనిషి అంత ఆత్రంగా చూడటం ఇంకాసేపు ఉండనిద్దామనుకున్నానా? మూడేళ్ళుగా ఈ రెండింటిలో ఏదో తేల్చుకోలేకపోతున్నాను. మొదటిదైతే బాగుండునని ఉంటుంది. రెండోదేనని తెలుస్తూనే ఉంటుంది.

"ఇప్పుడు దొరకదు. అచ్చు అయిపోయింది. నేను చదివిన" అన్నాను.

అక్కడి నుంచి నా చేతిలో లేదు. ఉంది, కానీ లేదనిపించింది. క్లాసయ్యాక ఆమె మల్లేశం హోటల్లో నాకు టీ చెప్పి, నోటుబుక్కు తెరిచేది. ఆ పుస్తకంలో ఏముంది సార్? చెప్పేవాణ్ణి. ఒకటో అధ్యాయం, రెండో అధ్యాయం. ఏ వేలు దేనికి గుర్తో. ఒక కుంటి బేరగాడి కథ. ఏ పుటలో ఉందో కూడా చెప్పేవాణ్ణి. నిజంగా చదివినవాడికి పుట సంఖ్య గుర్తుండదు. నాకు గుర్తుండేది. 'నలభై ఏడో పుట' అని ఒక వాక్యం చెప్పాను: తువాలు కింద ఒప్పుకున్న ధరను రైతు మరునాడు కాదనడు, ఎందుకంటే దాన్ని ఎవరూ వినలేదు; సాక్షులు లేని మాటకే మనిషి ఎక్కువ కట్టుబడతాడు. ఆమె రాసుకుని, కింద గీత గీసుకుని, టీ చల్లారిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది.

ఒకసారి దొరికిపోబోయాను. ఆమె గల్లా దగ్గరికి పోయి మల్లేశాన్ని అడిగేసింది.

"మల్లేశమన్నా, నువ్వేమన్న పుస్తకం రాసినవా?"

"పుస్తకమా? బ్యాంకుల సంతకం పెట్టుడే నాకు ఆగమాగమైతది చెల్లె" అన్నాడు వాడు. "ఎందుకు, సార్ చెప్పిండా? సార్ చెప్తె సగం తీసెయ్యి, మిగిలిన సగంల మళ్ళ సగం తీసెయ్యి."

అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. వేరే మల్లేశంలే అన్నాను. వాడు నన్ను కాపాడటానికి ప్రయత్నించాడని, నన్నో ఆమెనో తెలియదు, ఇప్పుడనిపిస్తుంది.

ఆ వాక్యం మీద ఆమె ఒక అధ్యాయం మొత్తం కట్టింది. ఆమె గైడు ఆ అధ్యాయం చదివి, ఈ పుస్తకం ఏ లైబ్రరీలోనూ లేదే, పుటలు జిరాక్సు తీసి పెట్టమన్నారు. ఆమె నన్నడిగింది. మా గల్లీలోకి వాన నీళ్ళొచ్చి పుస్తకాల పెట్టె తడిసిపోయింది, అందులో పోయింది అన్నాను. "అయ్యో సార్, ఎంత పాత పుస్తకమో" అని నన్ను ఓదార్చింది. ఓదార్చి ఊరుకోలేదు. ఎల్బీ నగర్‌లో బస్సెక్కి సూర్యాపేట పోయింది. రెండు రోజులు ప్రెస్సులన్నీ తిరిగింది.

"గా పేరు మీద ప్రెస్సే లేదంటున్నరు సార్" అంది వచ్చి. "పాతోళ్ళను గూడ అడిగిన. మూతపడ్డదేమో అన్నరు."

"మూతపడే ఉంటది" అన్నాను.

ఎండకు ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. ఏదైనా తాగుతావా అని కూడా అడగలేదు నేను.

ఆ తర్వాత ఒక శనివారం. క్లాసయిపోయింది. అందరూ మెట్లు దిగిపోయారు. ఆమె బెంచీలోనే ఉంది.

"సార్, సోమవారం పది గంటలకు మా యూనివర్సిటీ కమిటీ పిలిచింది."

"దేనికి?"

"పుస్తకం నేనే పుట్టిచ్చిన్నంటున్నరు. పుస్తకమే పుట్టిచ్చినదానివి రైతుల మాటలు పుట్టియ్యవా అంటున్నరు. రెండేండ్లు తిరిగిన సార్. రైతుల పేర్లున్నయి, ఊర్లున్నయి, ఫోన్ నంబర్లున్నయి. ఒక్కలు గూడ ఫోన్ జేసి అడుగుతలేరు."

"పుస్తకం ఎవరు చెప్పిన్రంటే ఏమన్నవ్?"

"తెలిసిన పెద్దమనిషన్న. పేరు చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"నేను చెప్తె చాడీ అయితది సార్. మీరొచ్చి చెప్తె సాక్ష్యం అయితది."

నేను డస్టరు తీసుకుని బోర్డు తుడవడం మొదలుపెట్టాను. బోర్డు మీద ఏమీ లేదు.

"సార్, ఒక్కటడుగుత. కోపం చెయ్యొద్దు. గా పుస్తకం ఉన్నదా?"

ఆమెతో ఒక నిజం చెప్పానంటే అప్పుడే. నోటితో చెప్పలేదు. తల అడ్డంగా ఊపాను.

ఆమె నోటుబుక్కు మూసింది. కింద రోడ్డు మీద బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండుననుకున్నాను.

"మరి నలభై ఏడో పుట?"

"అది నేనే."

"మంచిగ ఉండె సార్ గా మాట" అంది. అని, బ్యాగులో పుస్తకాలు సర్దుకుంది. ఒకటి కిందపడితే నేను వంగి తీసివ్వలేదు, ఆమే తీసుకుంది. "మా దేశంల టీచరును 'మువాలిము' అంటం. అమ్మ నాయన తర్వాత మువాలిమునే. మీరు సోమవారం ఒచ్చి గా మాటనే చెప్పుండ్రి, ఉదాహరణకు చెప్పిన, గీ పిల్లకు తెల్వదు అని. మిగిలింది నేను చూసుకుంట. ఒస్తరా సార్?"

"ఒస్త."

"ఒట్టా?"

"ఒట్టు" అన్నాను. గదిలో ఇంకెవరూ లేరు.

సోమవారం ఏం జరిగిందో చెబుతాను. నేనుండేది హయత్‌నగర్‌లో. బస్సులో ఎల్బీ నగర్ దాకా వచ్చి, అక్కడ మెట్రో ఎక్కితే యూనివర్సిటీ వైపు పోవచ్చు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుగానే బయల్దేరాను. డిపో దాటామో లేదో బస్సు ఆగిపోయింది. ముందర, బాటసింగారం నుంచి వస్తున్న బత్తాయిల లారీ అడ్డంగా పడింది. రోడ్డు నిండా బత్తాయిలు. దొర్లి దొర్లి అవతలి రోడ్డు మీదికి కూడా పోతున్నాయి. ఒకాయన స్కూటీ ఆపి హెల్మెట్టులో నింపుకుంటున్నాడు. ఒకామె కొంగు పరిచింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల ఊదుతూ పరుగెత్తుకొచ్చి, ఒక బత్తాయి మీద కాలేసి, కూలబడి, అట్లాగే పది గజాలు జారిపోయాడు. ముందుకు దారి లేదు, వెనక్కు దారి లేదు. దిగి నడిచాను. ఎండ. కాలు బెణికింది. ఫోన్‌లో ఆమె మెసేజులు మూడు. 'సార్ ఎక్కడున్నరు.' 'సార్ లోపలికి పిలుస్తున్నరు.' 'సార్.' నేను ఎల్బీ నగర్ చేరేటప్పటికి పదకొండు దాటింది. 'ట్రాఫిక్' అని ఒక్క మాట కొట్టాను. ఆమె నుంచి జవాబు వచ్చింది: 'పర్వాలేదు సార్. పైలం.' నన్ను జాగ్రత్తగా ఉండమంటోంది.

ఆమె రిజిస్ట్రేషన్ రద్దు చేశారు. స్కాలర్‌షిప్ ఆగిపోయింది. చదువు లేకపోతే వీసా లేదు. రైతులు చెప్పినవీ హమాలీలు చెప్పినవీ, తెల్లవారుజామున నిలబడి ఆమె రాసుకున్నవన్నీ, కల్పితాలని తేల్చారు. అవి మాత్రం నిజాలు. నా ఒక్క అబద్ధం పక్కన పడేసరికి ఆమె రెండేళ్ళ నిజాలు అబద్ధాలైపోయాయి. ఇది ఎట్లా సాధ్యమని అప్పుడప్పుడు ఎవరినో అడుగుతున్నట్టు అడుగుతాను. అబద్ధాన్ని నిజంలా రాయడం నేర్పినవాణ్ణి నేనే కదా. పేరు, సంవత్సరం, ఊరు, పుట. అన్నీ వరసలో ఉన్నాయి. జాబితా చక్కగా రాసిందని ఆమెకు క్లాసులో చప్పట్లు కూడా కొట్టించాను.

వారం ఆగి యాదమ్మ ఇంటికి పోయాను. ఆలస్యమైంది, నీమా అప్పటికే వెళ్ళిపోయింది. పైగది తాళం వేసి ఉంది. యాదమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. నన్ను కూర్చోమంది.

"గా పిల్ల అవద్ధం ఆడే పిల్ల గాదు సార్. నా కూరల ఉప్పెక్కువైతె మొఖం మీదనే అనేది, అత్తా, గిది సముద్రం అని. గసుంటి పిల్ల దొంగ పుస్తకం రాస్తదా? మీరు పెద్ద సారే గదా, మీరొక్క మాట చెప్తె ఇనకపోదురా?"

అప్పుడు లారీ సంగతి చెప్పాను. బత్తాయిలు, హెల్మెట్టు, కానిస్టేబుల్, బెణికిన కాలు. ఆమె చిక్కుడుకాయలు పక్కన పెట్టి విన్నది.

"గంతే సార్" అంది. "దారిల లారీ పడ్తె మీరేం జేస్తరు. మీ చేతుల ఏమున్నది. బాధ పడకుండ్రి." లేచి లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను.

తర్వాత మల్లేశానికి చెప్పాను. ఓనరుకు చెప్పాను. పుస్తకం సంగతి కాదు. ఒక విద్యార్థిని ఏదో చిక్కులో పడితే సాయం పోబోయానని, లారీ పడిందని. అందరూ అదే అన్నారు. మీ చేతుల్లో ఏముంది. వినీ వినీ నాకూ నమ్మకం కుదిరింది. నా చేతుల్లో ఏముంది?

ఇన్నాళ్ళూ రాయనివాణ్ణి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న మా బ్యాచ్‌లో ఒక సూడాన్ అబ్బాయి పుస్తకాల జాబితా తెచ్చాడు. కంప్యూటర్‌ను అడిగితే అదే రాసిచ్చిందట. వెతికితే అందులో సగం పుస్తకాలు ఎక్కడా లేవు. రచయితలు లేరు, ప్రెస్సులు లేవు, పుట సంఖ్యలు మాత్రం ఉన్నాయి. మా ఓనరు కడుపు పట్టుకుని నవ్వాడు. "ఇదేం చోద్యమండీ మాస్టారూ! లేని పుస్తకాలను పుట్టించేస్తోందీ మిషను! మీకు పోటీ వచ్చిందండోయ్!" అన్నాడు. ఊరికే అన్నాడు, ఆయనకేమీ తెలియదు. గదంతా నవ్వుతోంది. నేను కూడా నవ్వడానికి నోరు తెరిచాను. రాలేదు. ఆ అబ్బాయిని పక్కకు తీసుకుపోయి, ఈ జాబితా చించెయ్, ఇప్పుడే, నా ముందే చించు అన్నాను. వాడు భయపడి చించాడు.

నీమా నంబరు ఇప్పుడు పలకదు. ఆమె ఊరి పేరు చెప్పింది గాని నేను గుర్తుంచుకోలేదు. లేని పుస్తకంలో పుటలు గుర్తుంచుకున్నవాణ్ణి. ఈ కాగితాన్ని ఆ కమిటీకి పంపొచ్చు కదా అంటారేమో. పైన చూడండి, కింద చూడండి, నా పేరు ఎక్కడా లేదు. ఇప్పటికీ అంతే నా ధైర్యం.

ఇక ఒట్టు సంగతి. ప్రతి మాటా నిజమన్నాను. ఒకటి నిజం కాదు.

లారీ లేదు. ఆ సోమవారం హయత్‌నగర్ రోడ్డు మీద ఏదీ పడలేదు. ఒక్క బత్తాయి కూడా. బస్సులో సీటు దొరికింది. తొమ్మిది కాకముందే ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్‌లో ఉన్నాను, టికెట్ కొనుక్కుని. అది చివరి స్టేషన్. అక్కడ రైలు వచ్చి, తలుపులు తెరుచుకుని కాసేపు నిలబడుతుంది. జనం నింపాదిగా ఎక్కి కూర్చుంటారు. ఒకటి పోయింది. రెండోది వచ్చింది, పోయింది. నేను బెంచీ మీద ఉన్నాను. ఉద్యోగం పోతుందని భయమా? కొంత. అంతకంటే, ఒక గదిలో చదువుకున్నవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, నేను చెప్పేదాన్ని ఒక్కరూ నవ్వకుండా వింటారన్నది తలుచుకుంటే బెంచీ మీంచి లేవలేకపోయాను. ఆమె మూడు మెసేజులూ ఆ బెంచీ మీదే చదివాను, ఒక్కొక్కటీ వచ్చినప్పుడల్లా. కాలు బెణకలేదు. నన్నెవరూ పట్టుకుని ఆపలేదు. పదకొండు దాటాక 'ట్రాఫిక్' అని కొట్టి, వెనక్కి బస్సెక్కి ఇంటికి పోయి, అన్నం తిన్నాను.

మూడేళ్ళుగా జనం నా మీద చూపిన జాలి అంతా ఆ లేని లారీది. మీరు కూడా ఇందాక కొంచెం జాలిపడి ఉంటే, అది వెనక్కి తీసేసుకోండి. అది ఆమెకు చెందాలి. ఆమెకు చేర్చే దారి నాకు తెలియదు.

తలుపులు తెరిచే ఉన్నాయి. నేను ఎక్కలేదు. ఈ రెండు ముక్కలు ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పాను.